నీళ్ళలో కళ్ళు తెరిచిన ఈత టీచరమ్మ

నీళ్ళంటే హడలిపోయే పిల్లలు ఆ వీధిలో ఎవరింట్లో ఉన్నా, వాళ్ళని తిన్నగా ఈత టీచరమ్మ పెరట్లోకి తీసుకొచ్చేవాళ్ళు. పెరట్లో నాలుగు బారల పూల్, దాని పక్కన పంపు గది, తువ్వాళ్ళు ఆరేసే తీగ ఉండేవి.

ఆవిడ పద్ధతే వేరు. చేతులాడించు, కాళ్ళు కొట్టు అంటూ మొదటిరోజే ప్రాణం తోడేయదు. పిల్ల చేతులు రెండూ పట్టుకుని తనతోపాటు ముంచి, నీళ్ళలోపల కళ్ళు తెరిచి ఆ పిల్లని చూసి నవ్వుతుంది. అంతే. అడుగున తెలిసిన మొహం కనిపిస్తే ఇంక భయమెక్కడిది? ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ నమ్ముకున్న విద్య అదొక్కటే.

ఆ విద్య కాస్తా చేజారిపోయింది. డబ్బాలకొద్దీ క్లోరిన్ కుమ్మరించిన నీళ్ళలో నాని నాని ఆవిడ కళ్ళు చింతనిప్పుల్లా తయారయ్యాయి. అద్దాలు లేకుండా నీళ్ళలో దిగితే ఊరుకోనన్నాడు డాక్టరు. సరేనని నల్లటి ఈత అద్దాలు బిగించుకుని, ఐదేళ్ళ మనవరాలిని దింపింది. ఒక్క మునక వేసిందో లేదో పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చి గట్టెక్కింది. మళ్ళీ దిగమంటే ససేమిరా అంది.

ఆ సాయంత్రం ఆవిడ మొగుడితో తెగేసి చెప్పింది. “సొంత మనవరాలికే నేర్పలేని ఈత ఎందుకండీ? ఈ గొయ్యి మట్టితో పూడ్పించేయండి.”

ఆయన టీవీలు బాగుచేసి రిటైరైన మనిషి. చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే ఆయనకి తోచదు. “పూడ్చడం ఎంతసేపు? ఒక్కసారి ఉప్పుతో నడిచే యంత్రం పెట్టి చూద్దాం” అన్నాడు.

“ఉప్పా? ఇప్పటికి మండింది చాలక?”

“నీ కన్నీళ్ళు ఉప్పగా లేవూ? అవి మండుతున్నాయా? ఇందులో అంతకంటే తక్కువే వేస్తాం. క్లోరిన్ ఉంటుంది, కానీ ఆ ఉప్పులోంచే కొంచెం కొంచెంగా పుడుతుంది.”

ఆవిడ నమ్మలేదు, అలాగని వద్దనీ అనలేదు. ఆయన పాత నీళ్ళు తోడించి కొత్తవి నింపించాడు. ఫిల్టరు దాటాక గొట్టం కోసి, లోహపు పలకలున్న గాజులాంటి గొట్టాన్ని అక్కడ అతికించాడు. బస్తాలు విప్పి ఉప్పు గుమ్మరించి, ఆగలేక వెంటనే స్విచ్చి వేశాడు. ఎర్రదీపం వెలిగింది. ఉప్పు చాలలేదంటూ ఇంకో బస్తా మూతి విప్పబోయాడు మహానుభావుడు.

“కూరలో ఉప్పేసి, కలపకుండానే చాల్లేదంటారేమిటండీ? అడుగున చూడండి, ఎలా మేటవేసిందో” అని, ఆవిడ యంత్రం స్విచ్చి ఆపి, పొడుగుకర్ర బ్రష్షు అందుకుని గట్టు చుట్టూ తిరుగుతూ ఉప్పంతా కదిపింది. పంపు ఆ రాత్రంతా నీళ్ళు తిప్పుతూనే ఉంది.

మర్నాడు మళ్ళీ స్విచ్చి వేస్తే పచ్చదీపం వెలిగింది. గొట్టంలో పలకల మధ్యనుంచి సన్నటి బుడగలు తెల్లగా లేచాయి.

“అదే క్లోరినా?” అంది గుసగుసగా.

“పుడుతోంది. నీళ్ళు శుభ్రం చేశాక మళ్ళీ ఉప్పైపోతుంది.”

“అంటే అదే ఉప్పు, మళ్ళీ మళ్ళీనా?”

“అదే.”

ఔరా అనుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చిటికెలతో తీసి వేసిన ఉప్పు! ఇంత గుట్టు కడుపులో పెట్టుకుని వంటింటి జాడీలో ఏమీ ఎరగనట్టు కూర్చుందా? ముక్కుకి గుడ్డకట్టుకుని తను మోసిన డబ్బాలన్నీ గుర్తొచ్చాయి. చెయ్యెత్తి ఆ బుడగలకి దండం పెట్టాలనిపించింది. మొగుడు నవ్వుతాడని మానుకుంది.

నీళ్ళు కుదురుకున్నాక, మనవరాలికంటే ముందు తనే దిగింది. అద్దాలు తీసి గట్టుమీద పెట్టింది. మునిగి, కళ్ళు తెరిచింది. అడుగున ఎండ వలలా కదులుతోంది. గచ్చు పలకల గీతలు, తన కాలివేళ్ళు, అన్నీ కడిగిపెట్టినట్టున్నాయి. లోకమంతా ఇక్కడే దాక్కుందా అనిపించింది. ఊపిరి అందక పైకొచ్చి భోరుమంది.

“మండుతోందా?” అన్నాడాయన కంగారుగా.

“మండటం లేదండీ. అందుకే ఏడుస్తున్నాను.”

మనవరాలు మెట్టు దగ్గరే ఆగిపోయింది. టీచరమ్మ బతిమాలలేదు. చేతులు చాపి నిలబడింది, అంతే. చాలాసేపటికి చిన్నచేతులు రెండూ వచ్చి ఆవిడ చేతుల్లో పడ్డాయి. ఇద్దరూ మునిగారు. లోపల అమ్మమ్మ నవ్వింది. పిల్ల రెప్పవేయకుండా చూసి, వేలితో ఆవిడ కనుబొమ్మ తడిమింది.

పైకొచ్చాక బుగ్గలు తుడుచుకుంటూ అడిగింది. “అమ్మమ్మా, అప్పుడు నల్లకళ్ళతో లోపలున్నది కూడా నువ్వేనా?”

“నేనేనమ్మా.”

పిల్ల గట్టుమీది అద్దాలకేసి ఒకసారి చూసింది. తర్వాత తనే అమ్మమ్మ చేయి పట్టి కిందికి లాగింది.