మోటారు ఆగినప్పుడు మమత

“ఆ మోటారు చప్పుడులో శ్రుతి నిలవట్లేదని అన్నది నువ్వే కదమ్మా. ఇంకెవరాపుతారు?”

“అన్నాను. ఆపలేదు నాన్నా.”

మేత బస్తాలు సర్దుతున్న నాకు అంతా వినబడుతూనే ఉంది. అల్లవరం దగ్గర ముత్యాలరాజు గారి రొయ్యల చెరువు మీద పని నాది. ఆ తెల్లవారుజామున నీళ్ళలోకి గాలి కొట్టే మోటారు ఆగిపోయి, ఊపిరాడక రొయ్యలు పైకి తేలాయి. ఇంకోసారి ఇలా జరిగితే చదువు మానిపిస్తానని, వచ్చే నెల పరీక్ష కచేరీ మాట మర్చిపొమ్మని ఆయన కూతురికి తేల్చి చెప్పేశారు.

ఆ కూతురే మమత. ఎం.ఏ. గాత్రం, ఆఖరి సంవత్సరం. పడవల మీద బతికిన ఇంట్లో పాట చదువుకున్న మొదటి మనిషి. చిన్నప్పుడు పాఠానికి అమలాపురం బస్సెక్కితే, పెళ్ళిళ్ళలో పాడతావా పాపా అని కండక్టరు కూడా అడిగేవాడట. కింది స్వరాలు గట్టిపడాలంటే తెల్లవారకముందే సాధన చెయ్యాలని గురువుగారి మాట. ఇంట్లో పాడితే వీధంతా వెటకారం. అందుకని చెరువు గట్టు మీది షెడ్డుకి వస్తుంది. నీళ్ళలో గాలి బాగా తగ్గిపోయేదీ సరిగ్గా ఆ వేళే.

నేను డిగ్రీ మధ్యలో వదిలేసినవాణ్ణి. పాట కోసం ఇంత తపించే మనిషి ఒక్క స్విచ్చి నొక్కి మోటారు ఆపదంటే నమ్మను. మర్నాడు బస్తాల వెనక కాపు కాశాను.

కళ్ళు మూసుకుని పాడుతోంది. గొంతు కిందికి దిగేకొద్దీ మోటారు చప్పుడు దాన్ని మింగేస్తోంది. ఉన్నట్టుండి మోటారు ఆగింది. నేను తేరుకునేలోపే ఆమె చెప్పుల్లేకుండా పరిగెత్తింది. వెళ్ళి చూస్తే చెయ్యి మోటారు నడిపే స్టార్టరు పెట్టె మీద ఉంది.

“ముందే ఏదో చేసిపెట్టుంటారు. దొరికిపోయేరండీ,” అన్నాను.

“పెట్టె ముట్టుకుని చూడు సతీష్.”

ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. వేడెక్కి దానంతటదే ఆగిపోతోంది. ఆమె నొక్కగానే మోటారు మళ్ళీ తిరిగింది.

నా అనుమానం మాత్రం తీరలేదు. ఇంత చప్పున పట్టేసిన చెవికి నిన్న ఎందుకు వినబడలేదని అడిగేశాను.

ఆమె నిజం చెప్పేసింది. వినబడిందట. కానీ సరిగ్గా అప్పుడే, ఈ రెండేళ్ళలో మొదటిసారి, కింది పంచమం వణక్కుండా నిలబడిందట. రాగం పూర్తిచేసి లేచిందట. అప్పటికే రొయ్యలు తేలుతున్నాయి.

“నాన్నకి స్టార్టరు సంగతి చెప్పు. నీ మాటైతే నమ్ముతారు,” అంది. “నాకు వినబడిందని మాత్రం... పరీక్ష అయ్యేదాకా చెప్పకు.”