రష్యా గోధుమ చేల బొమ్మలు

నిన్న ఫోన్‌లో వియత్నాం బడిపిల్లల చరిత్ర పాఠం చూశాను. అందులో రష్యా సమష్టి పొలాల బొమ్మల్లో అందరూ నవ్వుతున్నారు. కరువు మాటే లేదు. ఒళ్లు మండింది.

అలాంటి బొమ్మలే మా ఊరు కంబదూరులో మా ఇంట్లోనూ ఉండేవి. నున్నటి కాగితం మీద తెలుగులో అచ్చైన రష్యా పుస్తకాలు, ఆ వాసన మీకూ గుర్తుందా? వేరుశనగ ఎండిపోయిన ఏడు, సంగటి చాలక నేను ఏడిస్తే, కమ్యూనిస్టు పార్టీ మనిషైన నాయన ఆ గోధుమ చేలు చూపించేవాడు.

"ఆడ ఆకలి అనేదే లేదు పాపా."

కాలేజీలో చేరాక, ఆ సమష్టి పొలాలు పెట్టిన రోజుల్లోనే అక్కడ లక్షలమంది కరువుతో చచ్చిపోయారని చదివి, ఇంటికొచ్చి అడిగాను.

"నీకు తెల్దా నాయనా?"

"తెలుసు. చెప్తే పార్టీని ఎవురు నమ్ముతారు?"

అమ్మ విసురుగా లేచింది. "బిడ్డకు కూడు లేనప్పుడు అబద్ధాలు తినిపించినావా!" అంటూ పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టింది.

నాయన అడ్డం రాలేదు. ఆయన మీద నా కోపం మాత్రం ఇంకా పోలేదు.