తొట్టి కడిగిన రోజు

తొట్టిలో నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. చేపలు లేవు.

గట్టు మీద నలుగురం నిలబడ్డాం. చిన్న గ్రాంటులిచ్చే సంస్థ తరఫున తనిఖీకి వచ్చినావిడ, తోట సొంతదారైన అరబ్బు ముసలాయన, తోట చూసుకునే జగిత్యాల వైపు మనిషి, నేను. ఆవిడ వంగి నీళ్లలో వేళ్లు ముంచి వాసన చూసింది. బ్లీచింగ్ పౌడరా అని ఇంగ్లీషులో నన్నడిగింది. తెలుగు చేసి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ మాట జగిత్యాల మనిషికి, అదే మా తోటాయనకు, తెలుసు.

"సాఫ్ కియా మేడం, పూరా," అన్నాడు. మంచి పని చేసిన మనిషి గొంతే అది. కళ్లు మాత్రం నావైపు తిరిగాయి.

ఆ తోట షార్జాకు తూర్పున, ఖోర్ ఫక్కాన్ అనే సముద్రపు ఊరి వెనక కొండల్లో, ఎండిన వాగు ఒడ్డున ఉంటుంది. కొన్ని ఖర్జూరాలు, నిమ్మచెట్లు, మేకల దొడ్డి. పైనుంచి రాతికాలువలో వచ్చే నీళ్లు ముందు ఆ తొట్టిలో పడి, తర్వాత చెట్లకు పోతాయి. ఎండాకాలం వాగులో మడుగులు ఇంకిపోయేటప్పుడు వాటిలో చిక్కుకున్న వేలెడంత చేపల్ని తోటాయన బకెట్లలో మోసుకొచ్చి తొట్టిలో వదిలేవాడు. వానపడి వాగు పారితే మళ్లీ తీసుకెళ్లి వాగులో వదిలేవాడు. పదకొండు ఎండాకాలాలు అలా చేశాడు. అంతకుముందు ముసలాయన, ఆయనకు ముందు ఆయన తండ్రి చేసిన పనే. ఆ చేపలు ఈ కొండవాగుల్లో తప్ప ఎక్కడా ఉండవని వాళ్లెవరికీ తెలియదు. చేపలు చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు, అంతే.

ఊళ్లో చాలా ఏళ్లు దినపత్రిక డెస్కులో పనిచేసి ఈ దేశం వచ్చినవాణ్ణి నేను. కరోనా తగ్గాక నగరంలో నైఫ్ అనే బజారు పేటలో ఒక చిన్న ఆఫీసులో చేరాను. కొండల్లో ఉండేవాళ్లు చెప్పింది విని, దాన్ని గ్రాంటు దరఖాస్తుగా రాయడం నా పని. నిబంధన ఒక్కటే. చెట్టునో జంతువునో అక్కడివాళ్లే కాపాడుతూ ఉండాలి, అదీ ముందునుంచే. ఈ తోట సంగతి రాసినప్పుడు నేను ఒక్క మాట కూడా పెంచాల్సిరాలేదు.

ముసలాయన కొడుకులు షార్జాలో ఉంటారు. వాళ్లకు తోట అక్కర్లేదు. గ్రాంటు వస్తే తొట్టి బాగుచేయించి మనిషిని ఉంచుతానని, రాకపోతే మేకలు అమ్మేసి ఖలాస్ అని ముసలాయన మొదటి రోజే తేల్చి చెప్పాడు. తోటాయనకు యాభై దాటాయి. వీసా కొత్తది కొట్టకపోతే వెళ్లిపోవాలి. ఈ వయసులో కూలీల క్యాంపుల్లో ఎవరూ తీసుకోరని ఆయనే అన్నాడు.

తనిఖీకి రెండు రోజుల ముందు నేను తోటాయనకు ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేసరికి అంతా బాగుండాలి, చూసుకోండి అన్నాను. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను. పేపర్లో ఉన్నప్పుడు మంత్రి వస్తున్నాడంటే రోడ్డుకి సున్నం గీసేవాళ్ల మీద ఎన్ని వార్తలు దిద్దానో. అయినా ఆ మాట అన్నాను.

తోటకు రాకముందు తోటాయన ముసఫా దగ్గర ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో పనిచేశాడు. మునిసిపాలిటీ వాళ్లు వస్తున్నారంటే క్యాంపులో ట్యాంకులన్నీ దింపి, పాచి గీకి, పౌడరు వేసి కడగాలి. మచ్చ కనబడితే ముదీర్, అంటే మేనేజరు, మనిషికింతని జీతంలో కోసేవాడట. ఆ అలవాటు చేతుల్లో మిగిలింది. చేపల్ని జాగ్రత్తగానే డ్రమ్ముల్లోకి ఎత్తి నీడన పెట్టాడు. తొట్టి ఖాళీ చేసి, ఆకులు, పాచి, రాళ్ల కింది బురద అన్నీ తీసేశాడు. పౌడరు వేసి రుద్దాడు. కొత్త నీళ్లు పట్టి చేపల్ని వదిలాడు. తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలాయి. చచ్చినవి కనబడితే బాగుండదని మేం వచ్చేలోపే ఎత్తి నిమ్మచెట్టు మొదట్లో పూడ్చాడు.

ఇదంతా ఆవిడ కారెక్కి వెళ్లాక చెప్పాడు. ముసలాయన గట్టు మీద కూర్చుని విన్నాడు. ఆ ఆకులు తియ్యమని పదకొండేళ్లుగా చెబుతుంటే వినని మనిషి ఇప్పుడు విన్నాడని తన హిందీలో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా.

"మీరే అంటిరి గద సార్, మంచిగ ఉండాలె అని," అన్నాడు తోటాయన. నిష్టూరం కాదు. సరిగ్గానే చేశానా అని అడిగినట్టుంది.

అన్నాను అని ఒప్పుకున్నాను. ఆయన లోపలికెళ్లి పాలు లేని టీ తెచ్చాడు. తాగి బయల్దేరాను. దారంతా ఏసీ చప్పుడు తప్ప ఏమీ గుర్తులేదు.

మర్నాడు ఆఫీసులో నివేదిక రాశాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎందుకు అని అడగడం నేర్పిన వృత్తి నాది. "తనిఖీకి ముందు తొట్టిని శుభ్రం చేయడం జరిగింది" అని రాశాను. ఎవరు చెప్పగా చేశారో రాయలేదు. రాస్తే ఆయనకేమన్నా మేలు జరిగేదేమో తెలియదు. ఇప్పటికీ సవరణ పంపలేదు. పంపకూడదని అనుకున్నదీ లేదు.

సంస్థ దరఖాస్తును తిరస్కరించలేదు. వాగులో ఎగువన, మనుషులు ఎక్కలేని చోట ఒక మడుగు ఉందని, అందులో చేపలు మిగిలి ఉంటే అవి వానకు కిందికి రావచ్చని ఆవిడ రాసింది. తొట్టిలోకి చేపలు వచ్చాక రెండో తనిఖీ చేస్తారట. ఆ తర్వాత రెండుసార్లు మబ్బు పట్టింది గానీ వాగు పారలేదు. తోటాయన తొట్టి జోలికి పోవడం మానేశాడు. గోడలకు పచ్చగా పాచి పడుతోందని ఫోన్‌లో చెప్పాడు.

ఆయన వీసా వచ్చే రంజాన్ లోపు అయిపోతుంది. రెండో తనిఖీకి ఇంకా తేదీ వెయ్యలేదు.