తలుపు తియ్యని పూట

మొన్న మా అమ్మాయి, పదేళ్ల కూతుర్ని ఇంట్లో ఒంటరిగా ఉంచి బ్రాడీపేటలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లొస్తానని ఫోను చేసింది. పిల్లకి తోడుగా నేను వస్తానన్నాను. "అక్కర్లేదమ్మా, దానికి అన్నీ తెలుసు" అంది. ఏం తెలుసు? ఎంత తెలుసు? నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే, ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడనుకునే మనిషిని. పైగా మా అమ్మాయిని కూడా సరిగ్గా ఆ వయసులోనే ఒకసారి ఒంటరిగా వదిలాను. ఆ పూట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది.

తొంభైల చివర్లో సంగతి. మిరపకోతల రోజులు. ఎప్పుడూ ఇల్లు కనిపెట్టుకుని ఉండే మా అత్తగారు కూతురి కాన్పుకని వెళ్లారు. మావారు మొదటి కోత కాయలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకు అమ్మడానికి పోయారు. కూలీలు చాలక నేను కూడా చేలోకి దిగాల్సి వచ్చింది. అప్పుడే ఊళ్లో ఎవరో కొత్త మనుషులు మధ్యాహ్నం పూట ఇళ్లచుట్టూ తిరుగుతున్నారని పుకారు. ఇంకేం, నాకు పండగే. పిల్లని కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పాను. గడియ తియ్యకు, పొయ్యి ముట్టించకు, కిటికీ రెక్కలు తెరవకు. "పొద్దుగూకాక వస్తా. నా గొంతు వినపడినా సరే, ఏదన్నా అడిగి నేనేనని తేలాకే తియ్యి" అన్నాను. అన్నానేగాని నమ్మకం లేదు. ఎవరు పిలిచినా తలుపు బార్లా తెరుస్తుందని నా భయం. అందుకే చెప్పిన వేళకంటే ముందే వచ్చి పట్టుకుందామనుకున్నాను.

మిరపచేలో ఆడవాళ్లం చీరమీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుని, మొహానికి తువ్వాలు చుట్టుకుంటాం. అయినా ఘాటు ఊరుకోదు. మధ్యాహ్నానికే నా గొంతు బొంగురుపోయింది. ఆ వేషంతోనే వచ్చి తలుపు కొట్టాను.

"ఎవరూ?"

"నేనేనే, తియ్యి."

"మా అమ్మ పొద్దుగూకాక గాని రాదు. చొక్కా కూడా తొడుక్కోదు."

తలుపు సందులోంచి దానికి కనపడేది జానెడు చొక్కా. ఎంత చెప్పినా వినదే. చివరికి, "పొద్దున నేను నిన్నేం అడిగానో చెప్పు" అంది.

"జామకాయలు."

"కాదు."

"రిబ్బన్లు."

"కాదు."

పెన్సిళ్లన్నాను, పుట్టినరోజు గౌనన్నాను. విసుగొచ్చి ఆ మిరప చేతులతోనే మొహం తుడుచుకున్నాను. ఇక చూడండి, కళ్లు భగ్గుమన్నాయి. "నాకు గుర్తులేదే తల్లీ!" అని ఏడుస్తూ అరుగుమీద కూలబడ్డాను. వెంటనే గడియ తీసిన చప్పుడైంది. చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది.

బిడ్డ అడిగిన మాట కూడా చెవినపెట్టని తల్లినా నేను అని సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి దానిమీదే విరుచుకుపడ్డాను. "కన్నతల్లినే పోల్చుకోలేవు, దొంగనేం పోలుస్తావే!" అన్నాను. "నువ్వు చెప్పినట్టే అడిగాకే తీశాను కదమ్మా!" అని అది ఎంత ఏడ్చినా వినలేదు. మర్నాటినుంచీ మూడేళ్లపాటు కోతలకు వెళ్లినప్పుడల్లా దాన్ని పక్కింట్లో అప్పగించాను. అది పుస్తకాల సంచీ తగిలించుకుని పోయేది.

మొన్న ఫోనులో ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు పొద్దున నన్నేం అడిగావే?"

అది ఒకటే నవ్వు. "ఏమీ అడగలేదమ్మా! నువ్వు నన్ను నోరెత్తనిస్తేగా. దొంగయితే ఏదో ఒకటి కల్పించి చెప్తూనే ఉంటాడు, నువ్వైతే గుర్తులేదని ఒప్పుకుంటావని అలా అడిగా."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్తే నమ్మేదానివా?"

నమ్మేదాన్ని కాదు. ఆ పిల్లను ఇంట్లో ఒంటరిగా వదలొచ్చని నాకు తెలిసేసరికి, దాని కూతురికి పదేళ్లు వచ్చాయి.