రాహుకాలం బిల్లులు

మా ఆస్పత్రిలో కంప్యూటర్ ఆగిపోతే అందరూ తిట్టేది ఓబులేసునే. కర్నూలులో మాది ఓ మోస్తరు ప్రైవేటు ఆస్పత్రి. బిల్లులు, రక్తపరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. ఆ సర్వర్‌కు దిక్కు ఆయనొక్కడే. నేను ల్యాబులో పనిచేస్తాను, ఎక్కువగా తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. తిట్టకుండా ఎలా ఉంటాను? రిపోర్టు చేతిలో పట్టుకుని కంప్యూటర్లోకి ఎక్కించలేక కూర్చుంటే పైనుంచి డాక్టర్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి.

ఆ ఆగడానికి ఒక వేళాపాళా ఉండేది కాదు. సోమవారం పొద్దున్నే ఆగేది. శుక్రవారం పదకొండు గంటలప్పుడు, బుధవారం సరిగ్గా అన్నాల వేళకు. గంటో గంటన్నరో మొండికేసి, తర్వాత తనంతట తానే నడిచేది. ఓబులేసు సమాచారం వెతికి తెచ్చే క్వెరీలన్నీ తిరగరాశాడు, వెతుకులాట తొందరగా తెమిలేలా ఇండెక్సులు కట్టాడు. రిపోర్టు వెతికే క్వెరీకి రెప్పపాటు కూడా పట్టేది కాదు, అయినా సర్వర్ ఆగుతూనే ఉండేది. డేటాబేసుకు ఒకేసారి ఇన్ని కనెక్షన్లే అని ఒక హద్దు ఉంటుందట. దాన్ని పెంచి చూస్తే సర్వర్ మరింత కుంగింది. కౌంటర్ దగ్గరికి పోయి, "ఆగినప్పుడు మీరేం చేస్తాండారు?" అని అడిగితే, "ఏం చేయలేదన్నా, ఊరికే కూర్చోనుండాం" అన్నారు. పాపం, అది అబద్ధం కాదు.

చివరికి మేనేజర్ రాజశేఖర్‌కు ఓపిక పోయింది. "ఈ నెలాఖరుకు సరిచేయకపోతే హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తాం. నువ్వు వేరే ఉద్యోగం చూసుకో ఓబులేసూ" అన్నాడు. నలభై దాటినవాడికి ఈ ఊళ్ళో ఇలాంటి ఉద్యోగం మళ్ళీ ఎవరిస్తారు? గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు అప్పుడే వాళ్ళమ్మ రామలక్ష్మమ్మకు పిత్తాశయంలో రాళ్ళని మా దగ్గరే ఆపరేషన్ అయింది. పగలంతా సర్వర్, రాత్రంతా అమ్మ మంచం పక్కన కుర్చీ. మనిషి కళ్ళు గుంటలు పడ్డాయి. చూస్తే నాకు కోపం పోయి జాలేసేది.

రామలక్ష్మమ్మ సామాన్యురాలు కాదు. మంచి గడియ వచ్చేదాకా మత్తు డాక్టరును కూడా నిలబెట్టిన మనిషి. ఆమె డిశ్చార్జి బుధవారం పడింది. కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని, బిల్లు టైపు చేస్తున్న మధులతను ఆపింది.

"పాపా, రాహుకాలం నడుస్తాండాది. ఇప్పుడు బిల్లు కొట్టొద్దు. ఈ గడియలో ఆస్పత్రి కాగితం చేతికి తీసుకుంటే మళ్ళీ ఈడికే రావాల్సొస్తాది."

"తెలుసులేమ్మా. అంతా తెరిచి పెట్టింటా, రాహుకాలం పోయినాక ఒత్తుతా" అంది మధులత. ఆ బిల్లును అలాగే ఉంచి పక్కన ఇంకొకరి బిల్లు తెరిచింది.

వెనక నిలబడిన ఓబులేసు చూపు ఆ తెర మీదే ఆగిపోయింది. "మధులతా, రోజూ ఇట్లనే చేస్తాండారా?"

"అందరూ అడుగుతారన్నా. బిల్లు మీద టైము పడతాది కదా. తెరిచి పెట్టుకుంటే నీ సొమ్మేం పోతాది?"

ఆయన మిగతా కౌంటర్లు చూశాడు. అన్నింటిలోనూ సగం కొట్టిన బిల్లులే. అన్నీ రాహుకాలం పోవడానికి ఎదురుచూస్తున్నాయి. ఆ రాహుకాలమేమో సోమవారం పొద్దున్నే, బుధవారం అన్నాల వేళకు, ఇలా రోజుకో వేళ.

నాకు తర్వాత ఆయనే విడమరిచి చెప్పాడు. "పెళ్ళిలో బంతి భోజనం అనుకో శివకుమారీ. తిన్నోళ్ళు లేస్తేనే కదా ఇంగొకరు కూర్చునేది. ఈళ్ళు తినరు, లేవరు. విస్తరి ముందర పెట్టుకోని ఊరికే కూర్చోనుండారు. నేనేమో ఇన్నాళ్ళూ వంటోణ్ణి తొందర చేస్తాండా." తెరిచిన ప్రతి బిల్లూ ఒక కనెక్షన్‌ను పట్టుకుని కూర్చుంటే ఇక నా రిపోర్టుకు చోటెక్కడిది?

ఆయన పైకి పరిగెత్తి ఆ కనెక్షన్లన్నీ తెంచేశాడు. వాళ్ళమ్మ బిల్లు కూడా వాటితోనే పోయింది. కౌంటర్లో ఒకటే గోల, ల్యాబులో నా రిపోర్టులు మాత్రం గబగబా ఎక్కిపోయాయి. ఆ తర్వాత అన్నం కూడా తినకుండా కూర్చుని, సగం బిల్లు కనెక్షన్‌ను వదిలేసి పక్కన ఉండేలా ప్రోగ్రాం మార్చాడు. "రాహుకాలంలో కూడా బిల్లు కొట్టాల్సిందేనని రూలు పెట్టించొచ్చు కదన్నా" అని నేనంటే, "నాతో అయ్యే పనేనా అది? మా అమ్మే వినదు" అన్నాడు.

రాజశేఖర్ వచ్చి, "ఇంగ ఆగదు కదా?" అని అడిగాడు. ఆగదు సార్ అన్నాడు ఓబులేసు. "అయితే ఉండులే." మెచ్చుకోలు అంతే. మహరాజుకు అంతకంటే మాటలు రాలేదు.

ఆయన కిందికి వచ్చేసరికి రాహుకాలం ఎప్పుడో పోయింది. కొత్తగా కొట్టిన బిల్లు రామలక్ష్మమ్మ చేతిలో ఉంది. ల్యాబు ముందు బెంచీ మీద ఆమె పక్కన కూలబడి, "ఆటో పిలుస్తాలేమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు. అంతే, తల ఆమె భుజం మీదికి వాలిపోయింది. నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

మూడు దాటితే వర్జ్యమని, ఆలోపు ఇల్లు చేరాలని పొద్దున ఆమే నర్సులందరికీ చెప్పింది. మూడు కావస్తోంది. ఉండబట్టలేక నేను బయటికి వచ్చాను.

"అమ్మా, వర్జ్యం వస్తాండాది. అన్నను లేపేదా?"

ఆమె గోడగడియారం వైపు చూసింది. కిటికీలోంచి పడుతున్న ఎండ కొడుకు కళ్ళకు తగలకుండా కొంగు అడ్డం పట్టుకుంది.

"వచ్చేది రానీలే పాపా. వాణ్ణి లేపొద్దు."