వ్రూమ్ గారికి కాస్త మట్టి

డాక్టర్ కార్నీలియస్ వ్రూమ్‌కి మనుషుల ముఖాలు గుర్తుండేవి కావు, బూట్లు గుర్తుండేవి. న్యూజెర్సీలోని ఆ వ్యవసాయ కళాశాలలో ఎవరు ఎదురొచ్చినా జేబులోంచి చెంచా తీసి, "కాలెత్తండి" అనేవారు.

క్షయను చంపే బూజు మట్టిలోనే ఎక్కడో ఉందని ఆయన నమ్మకం. గాజు పళ్లెంలో మట్టి చల్లి, మొలిచిన బూజును క్షయ క్రిమి మీదికి తోలేవారు. ఆ పళ్లేలు కడిగే బ్యూలా హాఫ్‌కి పనిలో చేరిన వారంలోనే గుండె ఆగినంత పనైంది. ఒక పళ్లెం మీద ఇలా ఉంది: "బ్యూలా, ఎడమ మడమ. సోమరి."

"ఎవరండీ సోమరి?"

"మీ బూజు. క్రిమి పక్కనే పడుకుంది, ముట్టుకోలేదు. డీన్ గారిదైతే క్రిమికి మేత కూడా పెట్టింది."

పాస్టరు గారి అత్తగారి సమాధి దగ్గర అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తుంటే, వ్రూమ్ గుప్పెడు తీసుకున్నారు. ఊరంతా నోళ్లు తెరిచింది. "ఇంకా చాలా ఉంది లెండి" అని ఆయనే పాస్టరును ఓదార్చారు.

ఒకనాడు ఆయన బ్యూలాను వాళ్లింటి పెరటి మట్టి తెమ్మన్నారు. దాంతోపాటు రెండు పేజీల ఉత్తరం కూడా కావాలట. చెట్లెలా ఉన్నాయి, కోళ్లేం చేస్తున్నాయి, అన్నీ రాయాలట.

"బూజుకి కోళ్ల సంగతెందుకండీ?"

"ఉత్తరం లేని మట్టి నాకు పనికిరాదు."

తిట్టుకుంటూ రాసిచ్చింది. నెల తర్వాత బీరువా తుడుస్తుంటే ఆమెదీ, అలాగే తెచ్చిచ్చిన మిగతావాళ్లవీ మట్టి పొట్లాలు కనిపించాయి. ఒక్క ఉత్తరమూ లేదు.

"పారేశారా?"

వ్రూమ్ ఆమె బూట్లకేసి చూశారు. "క్షయ రోగుల శానటోరియంలో ఉన్నాయి. ఎవరింటి ఉత్తరం వాళ్ల రోగికి ఇచ్చాను. మీరు రాసిన కోడిపుంజు సంగతి దగ్గర క్లెమ్ పగలబడి నవ్వాడు."

బ్యూలా చేతిలో గుడ్డ జారిపోయింది. క్లెమ్ ఆమె తమ్ముడు. అక్కడ చేరి రెండేళ్లు. ఏం రాయాలో తోచక మొదటి వారం మానేసింది, ఆపైన ఏ ముఖం పెట్టుకుని రాయాలో తెలియలేదు.

ఆ ఆదివారం ఆయనతోపాటే వెళ్లింది. వరండాలో మంచం మీద క్లెమ్ ఉన్నాడు. ఆమె మెట్ల దగ్గరే ఆగిపోయింది. పక్కనుంచి చెంచా బయటికొచ్చింది.

"కాలెత్తండి."

"ఎత్తక్కా," అన్నాడు క్లెమ్, "మన పెరడు ఎంత మోసుకొచ్చావో చూద్దాం."

ఆ మట్టిలో మొలిచిన బూజూ క్రిమి జోలికి పోలేదు. అయినా, వ్రూమ్ గారు పోయాక బ్యూలా దాచుకున్న పళ్లెం అదొక్కటే. దాని మీద ఆయన చేతిరాత: "బ్యూలా, కుడి మడమ. బాగా పనిచేసింది."