తీపి సీసా, ఒగరు సీసా

మా ఊళ్ళో ప్రతి మందు దుకాణం బోర్డు మీదా వైన్స్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. లోపలికి వెళ్ళి వైన్ అడిగితే కౌంటర్లో ఉన్నవాడు నవ్వేవాడు. బ్రాండీ, విస్కీ, బీరు, అంతే. అందుకే ఆ రోజు మా మేనమామ స్కూటర్ డిక్కీలోంచి తువ్వాలలో చుట్టిన రెండు సీసాలు తీసి వంటగది గట్టు మీద పెట్టి, "గివి అసలు వైన్‌లు, అక్కా" అనేసరికి అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని మరీ దగ్గరికి వచ్చింది.

అవి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె సాగుతున్న రోజులు. మా భూపాలపల్లిలో బొగ్గు గనులు ఆగిపోయాయి. నేను జనగామలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. బడి మూతపడింది, బస్సులు కూడా ఆగిపోతాయంటే ముందే ఇంటికి చేరాను. మామకు మహబూబాబాద్‌లో మోటార్లు బాగుచేసే కొట్టు ఉంది. పెద్ద రోడ్డు మీద పోలీసులు బండి బండినీ ఆపుతున్నారని ఊళ్ళ మీదుగా తిరిగి తిరిగి వచ్చాడు.

బాపు గనిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే కార్మికుడు. తాగేవాడు, కానీ డ్యూటీకి ముందు చుక్క ముట్టేవాడు కాదు. వాసన వస్తే కిందికి దిగనివ్వరు. దిగనిచ్చినా పక్కవాడి ప్రాణానికి ముప్పు. ఇన్నేళ్ళూ ఆయన్ని కాపాడింది ఆ ఒక్క కట్టుబాటే. సమ్మెతో అది తెగిపోయింది. పగలంతా సమ్మె టెంట్‌లో నినాదాలు, ఆ తర్వాత సీసా. ఒక రోజు టెంట్‌లోనే ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానలో డాక్టర్ బాపును పరీక్ష చేశాడు. అమ్మను బయటికి పిలిచి, ఇంక తాగితే మనిషి దక్కడని చెప్పాడు. ఇంటికి వచ్చాక బాపు కొన్నాళ్ళు ఆగాడు. తాగక చేతులు వణకడం మొదలయ్యాక మళ్ళీ ఆ దారే పట్టాడు.

రెడ్ వైన్ గుండెకు మంచిదని మామకు ఎవరో చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

"డాక్టర్ ఏదీ తాగొద్దన్నడు మామా. వైన్ మందు గాదా?"

"డాక్టర్ మాట మీ బాపు ఇంటున్నడా మరి?"

ఆయన అన్నది తప్పు కాదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

మామ తెచ్చినవాటిలో ఒకటి తియ్యటిది, ఒకటి ఒగరుది. ఏది కావాలో తేల్చుకుంటే అలాంటిదే మళ్ళీ తెప్పిస్తానన్నాడు. రోజుకు చిన్న గిలాసెడు, అది కూడా అమ్మ చేత్తో. బ్రాండీ బంద్. బాపు టెంట్ నుంచి వచ్చేలోపు ఒకటి ఎంచుకుని రెండోది డిక్కీలో పెట్టేయాలన్నది అమ్మా మామల ఆలోచన.

"తియ్యటిదే ఉంచుదాం. నోటికి మంచిగుంటేనే బ్రాండి ఇడిసిపెడ్తడు" అంది అమ్మ.

"మంచిగుంటే గిలాసతోని ఆగుతడా? సీసా ఖాళీ జేస్తడు. ఒగరుదైతే ఒక్క గిలాసకే మొహం తిప్పుకుంటడు" అన్నాను నేను.

"మొహం తిప్పుకొని యాడికి వోతడు? మళ్ల దుకాణంకే గదనే."

అమ్మ చెప్పింది నిజమే. నేను చెప్పిందీ నిజమే. అందుకే ఇద్దరం గొంతులు పెంచాం. చివరికి రుచి చూసి తేల్చుకుందామంటే సీసాకు తిప్పే మూత లేదు. మెడ లోపలికంటా బిరడా బిగించి ఉంది. అలాంటిది మేం ముగ్గురం ఎప్పుడూ తియ్యలేదు. మామ స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు. బిరడా పొట్టు రాలింది తప్ప అది కదల్లేదు. నేను చాకు అందుకున్నాను. అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వినిపించింది.

బాపు సీసాలను చూశాడు, మా మొహాలు చూశాడు.

"నాకోసమేనా?"

నేను చాకు గట్టు మీద పెట్టేశాను. ఆయన కిటికీలోని డబ్బాలోంచి పొడుగాటి స్క్రూ తీసి బిరడాలోకి తిప్పాడు. కటింగ్ ప్లేయర్‌తో దాన్ని పట్టుకుని, సీసాను మోకాళ్ళ మధ్య బిగించి నెమ్మదిగా లాగాడు. పొద్దున చాయ్ గిలాస కూడా సరిగ్గా పట్టుకోలేని చేతులవి. పనిలో పడగానే వణుకు ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

రెండో సీసా కూడా అలాగే తీసి, రెండూ స్టీలు గిలాసల్లో పోశాడు. వేలు ముంచి మైసమ్మ తల్లి పేరున నేల మీద చుక్కలు విదిలించాడు. గనిలో దిగేవాళ్ళు ఏది తాగినా ముందు ఆమెకు ఇస్తారు. తర్వాత ఒక్కో గుక్క తాగి గిలాసలు అమ్మకు ఇచ్చాడు. అమ్మకు తియ్యటిది బాగానే ఉంది. పెదవులు కూడా నాక్కుంది. రెండోది నోట్లో పోసుకోగానే మొహం ముడుచుకుపోయి, సింకులో ఊసేసింది. నేనూ రుచి చూశాను. మొదటిది అల్లనేరేడు పండు రసంలో చక్కెర కలిపినట్టుంది. రెండోది పచ్చి అల్లనేరేడు కాయ కొరికినట్టు నాలుకను పట్టేసింది.

అమ్మ నేల మీద ఆయనకు ఎదురుగా కూర్చుంది.

"నిజం జెప్పు. ఏది ఉంచితే ఒక్క గిలాసతోని ఆగుతవు?"

బాపు రెండు సీసాలనూ మార్చి మార్చి చూశాడు. టెంట్ దగ్గరి మైకు ఇంట్లోకి వినిపిస్తోంది. ఏదో ఒకటి చెప్పెయ్ బాపూ అని నేను మనసులో అరుస్తున్నాను.

"తియ్యటిదైతే అయిపోయేదాంక ఆగ. ఒగరుదైతే తాగినంక నోరు బ్రాండి అడుగుతది."

"మరెట్ల?"

"డ్యూటీ సైరన్ మోగితే ఆగుత. ఇంకేదానికి ఆగ."

"గట్లయితే సమ్మె బందు గావాలని మొక్కాల్నా నేను?"

టెంట్‌లో వాళ్ళకు తన చేత్తో వండి పంపిన మనిషి ఆ మాట అంది. "గట్లనకు" అన్నాడు బాపు. ఆ గొంతు నాకు వినపడీ వినపడనట్టు ఉంది.

కల్లు తెచ్చుకున్న రోజుల్లో మా ఇంట్లో ఒక్కరే తాగిందెప్పుడూ లేదు. ముంత మధ్యలో పెట్టుకుని ఆయనకెంతో ఆమెకూ అంతే పోసుకునేవారు. బ్రాండీ వచ్చాకే తాగడం ఆయన ఒక్కడిదైంది. అమ్మ ఒగరు సీసా అందుకుని రెండు గిలాసలూ ఒకే ఎత్తున నింపింది.

"గిదే ఉంచుదాం. నువ్వెంత తాగితే నేనంత తాగుత. కల్లు లెక్కనే."

"అక్కా, నువ్వు బీపీ గోళీలు మింగుతున్నవ్" అన్నాడు మామ. అమ్మ వినిపించుకోలేదు.

బాపు పంతానికి గిలాస ఖాళీ చేశాడు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, మధ్యలో దగ్గుతూ తనదీ ఖాళీ చేసింది. బాపు మళ్ళీ పోసుకున్నాడు. అమ్మ గిలాస చాచింది. అడుగున కొంచెం పోశాడు.

"సమానంగ పొయ్యి" అంది.

పోశాడు. అమ్మ సగం తాగేసరికి పొలమారింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, రెండో చేత్తో మళ్ళీ గిలాస ఎత్తింది. మామ లాక్కోబోతే మోచేత్తో తోసేసింది. బాపు గిలాస ఇంకా నిండుగానే ఉంది. ఆయన దాన్ని కింద పెట్టి, అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి ఆమె గిలాస తీసుకున్నాడు.

"బిడ్డా, గీ రెండు గిలాసలు పారబొయ్యి."

నేను గబగబా లేచాను. అమ్మ మాత్రం కదల్లేదు. కొంగుతో మూతి తుడుచుకుని ఆయన్నే చూస్తోంది.

"రేపు?" అంది.

"రేపు గూడ గిట్లనే నా ముంగట కూసో" అన్నాడు బాపు.